పక్క క్లాసు తలుపు తట్టండి

కొత్తగా టీచరు ఉద్యోగంలో చేరినవాళ్లకు ఈమధ్య అందరి నోటా వినిపించే సలహా ఒకటుంది: నెట్‌వర్క్ పెంచుకోండి. గ్రూపుల్లో చేరండి, ప్రొఫైల్ తయారు చేసుకోండి, నలుగురు పేరున్నవాళ్లను ఫాలో అవ్వండి, సదస్సులకు వెళ్లి పరిచయాలు చేసుకోండి. చెప్పేవాళ్లు మంచి మనసుతోనే చెబుతారు. కానీ దీన్ని ఉన్నది ఉన్నట్టు పాటించినవాళ్ల పరిస్థితి చూస్తుంటే నాకు బాధగా ఉంటుంది. ఫోన్ నిండా గ్రూపులుంటాయి, రోజంతా మోగుతూనే ఉంటుంది. పక్క గదిలో అదే తరగతికి అదే పాఠం చెబుతున్న మనిషి ఆ పాఠాన్ని ఎక్కణ్నుంచి మొదలుపెడతారో మాత్రం తెలియదు.

నేను చెప్పదలచుకున్నది ఇది. టీచరుకు అక్కరకొచ్చే పరిచయం పాఠం దగ్గరే పుడుతుంది. మీ పిల్లలు రాసిన నోటుబుక్కును ఇద్దరూ కలిసి చూసినప్పుడు, ఒకరి క్లాసులో ఇంకొకరు కూర్చున్నప్పుడు, నిన్న అడిగిన సలహా ఈరోజు ఏమైందో వెళ్లి చెప్పినప్పుడు పుడుతుంది. అందుకని వెతకడం పక్క గది నుంచి మొదలుపెట్టాలి. అక్కడ దొరకని దాని కోసం ఆన్‌లైన్‌కి వెళ్లాలి. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తున్నారు, దానికి బలమైన కారణమే ఉంది.

పక్క గది తలుపు తట్టడం కష్టం. ఫోన్ తెరవడం తేలిక. పైగా మన వృత్తి మొదటి నుంచీ ఒంటరిగా చేసే వృత్తి. 1975లోనే డాన్ లోర్టీ అనే సామాజిక శాస్త్రవేత్త బడిని కోడిగుడ్ల ట్రేతో పోల్చాడు: ఎవరి గూడు వారిది, పక్కనే ఉన్నా ఒకరికొకరు తగలరు. ఆయనే ఇంకో మాట కూడా అన్నాడు. హైస్కూలు పూర్తయ్యేసరికి ప్రతి మనిషీ సుమారు 13,000 గంటలు టీచర్లను చూస్తూ గడిపి ఉంటాడట. ఇంతసేపు చూశాక ఈ పని మనకు తెలుసనే అనిపిస్తుంది. కానీ మనం చూసింది బెంచీ మీద కూర్చుని. ఆ టీచరు ముందురోజు రాత్రి ఏ ఉదాహరణ ఎంచుకున్నారో, ఏది వదిలేశారో, వెనక బెంచీ పిల్లాడు తల దించుకోగానే ప్రశ్నను ఎందుకు మార్చారో మనకు కనిపించలేదు. ఆ కనిపించని సగం నేర్చుకోవాలంటే దాన్ని రోజూ చేసేవాళ్ల పక్కన నిలబడాలి.

ఇది కేవలం నా నమ్మకం కాదు. 2009లో కిరాబో జాక్సన్, ఎలియాస్ బ్రూగ్‌మన్ అనే ఆర్థికవేత్తలు అమెరికాలోని నార్త్ కరోలినా రాష్ట్రంలో 3 నుంచి 5 తరగతుల పిల్లల మార్కులను ఏళ్ల తరబడి పరిశీలించి ఒక పరిశోధన ప్రచురించారు. ఒక టీచరు పక్కన, అదే తరగతికి పాఠం చెప్పే మిగతా టీచర్లు సమర్థులైతే ఈ టీచరు దగ్గర చదివే పిల్లల మార్కులు కూడా పెరిగాయి. ఆ మేలు అందరికన్నా ఎక్కువగా అందింది అనుభవం తక్కువున్న టీచర్లకు. అది ఆ ఒక్క ఏడాదితో పోనూ లేదు, తర్వాతి ఏళ్లలోనూ నిలిచింది. అంటే పక్కవాళ్ల నుంచి వాళ్లు ఏదో నేర్చుకున్నారు, నేర్చుకున్నది తమతో ఉంచుకున్నారు.

అయితే పక్కన ఉంటే చాలా? చాలదు. ఏం మాట్లాడుకుంటున్నారన్నది ముఖ్యం. జూడిత్ వారెన్ లిటిల్ అనే విద్యా పరిశోధకురాలు 1990లో టీచర్ల మధ్య ఉండే సంబంధాలను నాలుగు మెట్లుగా విడదీసింది. మొదటిది కబుర్లు: స్టాఫ్‌రూమ్‌లో కూర్చుని మన క్లాసు సంగతులు చెప్పుకోవడం, అందులోంచి ఏదైనా పనికొస్తే ఏరుకోవడం. రెండోది, అడిగితే సాయం చేయడం. మూడోది, ఉన్నవి పంచుకోవడం, అంటే ప్రశ్నపత్రాలు, లెసన్ ప్లాన్లు, వర్క్‌షీట్లు. నాలుగోది కలిసి పని చేయడం, ఫలితానికి ఇద్దరూ బాధ్యులుగా ఉండటం. మొదటి మూడు మెట్ల మీద ఎంత తిరిగినా ఎవరి తలుపు వారు మూసుకునే ఉండొచ్చు. నాలుగో మెట్టు ఎక్కితేనే తలుపు తెరుచుకుంటుంది. మనం నెట్‌వర్క్ అని పిలుచుకునే దాంట్లో దాదాపు అంతా మూడో మెట్టు దగ్గరే ఆగిపోతుంది. గ్రూపులో ఫైలు వస్తుంది, చేతులు జోడించిన బొమ్మ పెడతాం, దించుకుంటాం. పంపినవాళ్లకు మన క్లాసు తెలియదు, మనకు వాళ్ల క్లాసు తెలియదు.

మరి నాలుగో మెట్టు ఎలా ఉంటుంది? నేను దగ్గరుండి చూసినది ఒకటి చెబుతాను.

మా బడిలో కొత్తగా చేరిన లెక్కల సార్ ఒకాయన ఓ రోజు లీజర్ పీరియడ్‌లో నోటుబుక్కుల కట్ట పట్టుకుని నా దగ్గరికి వచ్చారు. "ఎన్నిసార్లు చెప్పినా ఇలాగే రాస్తున్నారు మేడం" అన్నారు. తెరిచి చూస్తే పుస్తకం తర్వాత పుస్తకంలో ఒకటే లెక్క: 1/2 + 1/3 = 2/5. లవాలు కలిపేశారు, హారాలు కలిపేశారు. ఆయన హారాలు సమానం చేయడం మళ్లీ చెప్పారు, క.సా.గు. మళ్లీ చెప్పారు, పిల్లలు మళ్లీ అదే రాశారు. "క.సా.గు. కాసేపు పక్కన పెట్టండి సార్. జవాబు తప్పని కూడా చెప్పొద్దు. రెండు అయిదో వంతులు సగం కంటే ఎక్కువా, తక్కువా అని మాత్రం అడగండి" అన్నాను. సగానికి ఇంకొంచెం కలిపితే సగం కన్నా తక్కువ ఎలా వస్తుందన్న అనుమానం పిల్లలకే రావాలని నా ఉద్దేశం.

మర్నాడు ఆయన మళ్లీ వచ్చారు. చెప్పినట్టే అడిగారట. ఒకమ్మాయి వెంటనే పట్టుకుని, "కలిపితే తగ్గిందేంటి సార్?" అంటూ తన జవాబు తానే కొట్టేసిందట. ముందు బెంచీల్లో ఇంకొందరికీ వెలిగింది. కానీ సగం క్లాసు దిక్కులు చూసింది. ఎందుకంటే 2/5 సగం కంటే తక్కువన్న సంగతే వాళ్లకు తెలియదు. అయిదు, రెండు కన్నా పెద్దది కాబట్టి రెండు అయిదో వంతులు కూడా పెద్దవే అనుకుంటున్నారు. ఆ కబురు ఆయన తెచ్చి చెప్పి ఉండకపోతే నేనూ నా క్లాసులో ఆ ప్రశ్నను అలాగే వేస్తూ ఉండేదాన్ని. ఇద్దరం కూర్చుని ఒకే పొడవున్న కాగితం పట్టీలు కత్తిరించాం. ఒకదాన్ని రెండుగా, ఒకదాన్ని అయిదుగా మడిచి, ఒకదాని కింద ఒకటి పెట్టి చూపించాలనుకున్నాం. ఆ పాఠం ఆయన చెబుతుంటే వెనక కూర్చుని చూశాను. తర్వాతి వారం నేను చెబుతుంటే ఆయన చూశారు.

ఆయన మొదటి రోజు వచ్చి వెళ్లిపోయి ఉంటే అది సాయం అడగడం అయ్యేది, రెండో మెట్టు. మర్నాడు మళ్లీ రావడం వల్ల అది వేరే రకం సంబంధం అయింది. కొత్త టీచర్లకు నేను చెప్పే మాటల్లో అన్నిటికన్నా గట్టిగా చెప్పేది ఇదే: సలహా తీసుకున్నాక ఏమైందో వెళ్లి చెప్పండి. పనిచేసినా చెప్పండి, పనిచేయకపోయినా చెప్పండి. చాలామంది సీనియర్లు సలహాలు ఇచ్చీ ఇచ్చీ విసిగిపోయి ఉంటారు. అవి ఎక్కడికి పోతాయో వాళ్లకు ఎప్పటికీ తెలియదు. ఒక్కసారి ఎవరైనా తిరిగొచ్చి చెబితే ఆ మనిషి ఇక మిమ్మల్ని మరిచిపోరు.

అడిగే తీరు మీద కూడా చాలా ఆధారపడి ఉంటుంది. "మీ క్లాసు చూడొచ్చా?" అంటే ఎవరికైనా ఇన్‌స్పెక్షన్ గుర్తొస్తుంది, ఏదో సాకు చెబుతారు. "పిల్లల్ని జట్లుగా కూర్చోబెట్టేటప్పుడు మీ క్లాసులో గోల రాదు, ఆ అయిదు నిమిషాలు చూస్తాను మేడం" అంటే మాట మారుతుంది. వాళ్లకు చేతనైన పనిని మీరు గమనించారని తెలుస్తుంది. చూసేది ఏమిటో, ఎంతసేపో తెలుస్తుంది. అలాగే మీ క్లాసుకు పిలిచినప్పుడు "నా పాఠం ఎలా ఉందో చెప్పండి" అనకండి. ఆ ప్రశ్నకు "బాగుంది" తప్ప ఇంకో జవాబు రాదు. "చివరి రెండు బెంచీల్లో పిల్లలు నేను లెక్క ఇచ్చాక ముందుగా ఏం రాస్తున్నారో చూసి పెట్టండి" అనండి. వచ్చినవాళ్ల చూపు మీ మీద నుంచి పిల్లల మీదికి మళ్లుతుంది. మీకు భయం తగ్గుతుంది, వాళ్లకు మొహమాటం తగ్గుతుంది.

జపాన్‌లో టీచర్లు తరతరాలుగా చేస్తున్నది దాదాపు ఇదే. వాళ్లు దాన్ని జుగ్యో కెంక్యూ అంటారు, బయటి ప్రపంచంలో లెసన్ స్టడీ అన్న పేరుతో తెలుసు. కొంతమంది టీచర్లు కలిసి ఒకే ఒక్క పాఠాన్ని వారాల తరబడి తయారు చేస్తారు. పిల్లలు ఎక్కడ తడబడతారో, ఏ జవాబులు ఇస్తారో ముందే ఊహించి రాసుకుంటారు. ఒకరు చెబుతారు, మిగతావాళ్లు గది చుట్టూ నిలబడి పిల్లల్ని గమనిస్తారు. తర్వాత కూర్చుని చర్చించి, పాఠాన్ని సరిదిద్ది, వేరే క్లాసులో మళ్లీ చెబుతారు. పాఠం అందరిదీ కాబట్టి అందులో లోపం కనబడితే ఎవరికీ తల కొట్టేసినట్టు ఉండదు. కొత్తగా చేరినవాళ్లకు ఇంతకన్నా మంచి బడి ఉంటుందనుకోను. ఇద్దరు ముగ్గురు ఉంటే ఏ బడిలోనైనా చిన్నగా మొదలుపెట్టొచ్చు.

స్టాఫ్‌రూమ్‌ అంతా ఇలా ఉండదని నాకు తెలుసు. కొన్నిచోట్ల ఎప్పుడు చూసినా పిల్లల మీద ఫిర్యాదులే. "ఈ బ్యాచ్ ఇంతే, మీరు కొత్త కదా, కొన్నాళ్లకు మీకే తెలుస్తుంది" అనే మాట కొత్తవాళ్ల ఉత్సాహం మీద నీళ్లు చల్లుతుంది. అక్కడ ఎదురు వాదించి గెలవాల్సిన పని లేదు. ఎక్కువ మాట్లాడనివాళ్లను గమనించండి. బెల్లు కొట్టకముందే క్లాసు దగ్గరికి వెళ్లి నిలబడేవాళ్లు, పిల్లల పేర్లు పెట్టి మాట్లాడేవాళ్లు, దిద్దిన పుస్తకాల్లో టిక్కులకు తోడు ఒక వాక్యం రాసేవాళ్లు ప్రతి బడిలో ఒకరో ఇద్దరో ఉంటారు. వాళ్లది మీ సబ్జెక్టు కాకపోయినా ఫరవాలేదు. ల్యాబ్ అసిస్టెంటును, లైబ్రేరియన్‌ను, ఆఫీసులో రికార్డులు చూసేవాళ్లను కూడా మరవొద్దు. ఏ పిల్లాడి ఇంట్లో ఏం జరుగుతోందో క్లాస్ టీచరు కన్నా ముందు వాళ్లకే తెలిసిన సందర్భాలు చాలా చూశాను.

ఇక ఆన్‌లైన్ సంగతి. దాన్ని నేను తక్కువ చేయడం లేదు. బడి మొత్తానికి ఫిజిక్స్ చెప్పేది మీరొక్కరే అయితే, లేదా ప్రత్యేక అవసరాలున్న పిల్లలతో పనిచేసేది మీరొక్కరే అయితే, పక్క గదిలో మీ ప్రశ్న అర్థమయ్యే మనిషే ఉండరు. అప్పుడు ఆన్‌లైన్ ప్రాణవాయువు. 1973లో మార్క్ గ్రానొవెటర్ అనే సామాజిక శాస్త్రవేత్త, పరిచయాల ద్వారా ఉద్యోగం మారినవాళ్లను అడిగితే తేలిందేమిటంటే, ఆ ఉద్యోగం కబురు ఎక్కువమందికి దగ్గరి స్నేహితుల ద్వారా కాక, అప్పుడప్పుడు మాత్రమే కలిసేవాళ్ల ద్వారా అందింది. మనతో రోజూ ఉండేవాళ్లకు తెలిసింది మనకూ తెలిసే ఉంటుంది, కొత్త సంగతి దూరం నుంచి వస్తుంది. ఒకే స్టాఫ్‌రూమ్‌లో ఏళ్ల తరబడి ఉన్నవాళ్లందరూ ఒక పాఠాన్ని ఒకే రకంగా చెబుతుంటే, ఇంకో పద్ధతి ఉందని మీకు తెలిసే దారి బయటివాళ్లే.

కానీ దూరపు పరిచయం కొత్త సంగతి తెస్తుందే తప్ప, దాన్ని మీ క్లాసుకు సరిపోయేలా మార్చి ఇవ్వదు. అది మీరు, మీ పక్కవాళ్లు చేసుకోవాల్సిన పని. ఇక్కడే ఆన్‌లైన్ నుంచి దించుకునే అలవాటు కొత్త టీచర్లను దెబ్బతీస్తోంది. 2019లో అమెరికాలోని ఫోర్డ్‌హామ్ ఇన్‌స్టిట్యూట్ అనే విద్యా పరిశోధన సంస్థ వాళ్లు, హైస్కూలు ఇంగ్లిష్ టీచర్లు ఆన్‌లైన్ నుంచి దించుకునే పాఠ సామగ్రిని 300కు పైగా తీసుకుని నిపుణులతో పరిశీలింపజేస్తే, అందులో ఎక్కువ భాగం వాడకపోవడమే మేలన్న తీర్పు వచ్చింది. అందమైన బొమ్మలు, చక్కటి అక్షరాలు, కింద వందల మెచ్చుకోళ్లు ఉన్నంత మాత్రాన పాఠం మంచిదైపోదు. మంచిదో కాదో తేల్చే అనుభవం కొత్తవాళ్లకు ఇంకా రాదు, అందుకే నష్టం కూడా వాళ్లకే ఎక్కువ. వర్క్‌షీట్ దించుకోండి, తప్పు లేదు. క్లాసులో పెట్టేముందు ప్రతి ప్రశ్నకు మీ క్లాసులో ముగ్గురు పిల్లలు ఏం రాస్తారో ఊహించి పక్కన రాసుకోండి. ఆ పని చేస్తుంటే ఏ ప్రశ్న తీసేయాలో మీకే తెలిసిపోతుంది.

ఆన్‌లైన్‌లో అడిగే ప్రశ్న కూడా ఇలాగే పదునుగా ఉండాలి. "క్లాస్‌రూమ్ మేనేజ్‌మెంట్‌కి టిప్స్ ఉంటే చెప్పండి ప్లీజ్" అని పెడితే, ఎవరి క్లాసుకూ సరిపోని సలహాలు వరస కడతాయి. "6వ తరగతి, 40 మంది, ఆటల పీరియడ్ తర్వాత నా పీరియడ్. వచ్చి కుదురుకోవడానికి పది నిమిషాలు పడుతోంది. బోర్డు మీద లెక్క రాసి పెట్టి చూశాను, ముందు వరసలు మొదలుపెడుతున్నాయి, వెనకవాళ్లు పెట్టడం లేదు. ఇలాంటి పీరియడ్ ఉన్నవాళ్లు మొదటి రెండు నిమిషాలు ఏం చేస్తారు?" అని అడిగి చూడండి. జవాబులు తక్కువే రావచ్చు. కానీ ఆ జవాబు ఇచ్చినవాళ్లు మీలాంటి క్లాసులో నిలబడ్డవాళ్లు. ఆ ఒకరిద్దరే మీ మనుషులు. వారం తర్వాత అదే చోట ఏమైందో రాయండి. గుంపులోంచి పరిచయం విడిపడేది అలాగే.

ఒక విషయంలో మాత్రం నాది రాజీ లేని మాట. పిల్లల ఫొటోలు, పేర్లు, మార్కులు, పేరు కనిపించే నోటుబుక్కు పేజీలు గ్రూపుల్లో పెట్టకూడదు. వాట్సాప్ గ్రూపులో 1,024 మంది వరకు ఉండొచ్చు, అందులో ఎవరెవరున్నారో మీకు తెలియదు. చెప్పాల్సింది ఆ తప్పు గురించి అయితే, లెక్కను మీ చేతిరాతతో తిరగరాసి పెట్టండి. పిల్లల్ని గేలి చేసే పోస్టులు, తప్పు జవాబు చూపించి నవ్వించే పోస్టులు ఎంత మంది మెచ్చుకున్నా పంచుకోవద్దు. ఆ జవాబు రాసిన పిల్లాడికి అది ఒకనాడు కంటపడొచ్చు.

ఇంకోటి, వేదికలు మారుతుంటాయి. 2009లో ట్విట్టర్‌లో మొదలైన ఎడ్‌చాట్ అనే టీచర్ల చర్చ ఏళ్లపాటు వేలమంది టీచర్లకు ప్రతి మంగళవారం కలిసే చోటుగా ఉండేది. 2022లో ఆ వేదిక యాజమాన్యం మారాక ఎంతోమంది టీచర్లు వేరే చోట్లకు వెళ్లిపోయారు. ఫాలోవర్ల లెక్క అక్కడే ఉండిపోయింది. విడిగా ఈమెయిల్ రాసుకునేంత, ఫోన్ చేసుకునేంత దగ్గరైనవాళ్లు మాత్రం వేదికతో పాటు పోలేదు. కాబట్టి పనికొచ్చిన సంభాషణ ఒకటి జరిగితే దాన్ని గ్రూపులోనే వదిలేయకుండా ఆ మనిషితో విడిగా మాట కలపండి.

ముఖాముఖి సమావేశాల గురించి ఎక్కువ చెప్పను. పెద్ద సదస్సుల్లో వేదిక మీది ప్రసంగాల కన్నా విరామంలో జరిగే మాటలే విలువైనవని వెళ్లొచ్చినవాళ్లందరూ చెప్పేదే. ఆ సంగతి గుర్తించిన టీచర్లే తమకు కావలసిన తీరులో సమావేశాలు తయారు చేసుకున్నారు. 2006లో స్కాట్లాండ్‌లో మొదలైన టీచ్‌మీట్‌లో టీచర్లే ఒకరి తర్వాత ఒకరు కొద్ది నిమిషాల్లో తమ క్లాసులో చేసినది చెబుతారు. 2010లో ఫిలడెల్ఫియాలో మొదలైన ఎడ్‌క్యాంప్‌లో ముందుగా ఖరారైన అంశాలే ఉండవు. ఆ రోజు పొద్దున వచ్చినవాళ్లు ఏం మాట్లాడుకోవాలో బోర్డు మీద రాస్తారు, మాట తమకు పనికిరాదనిపిస్తే లేచి వేరే గదికి వెళ్లిపోవచ్చు. కొత్తవాళ్లకు ఇలాంటివి బాగా నప్పుతాయి, ఎందుకంటే అక్కడ కొత్త టీచరు ప్రశ్నకు కూడా ఒక గది దొరుకుతుంది. ఎక్కడికి వెళ్లినా మీ బడివాళ్ల పక్కనే కూర్చోకండి, ఒక పాఠమో పిల్లలు చేసిన తప్పో మాట్లాడటానికి చేతిలో పెట్టుకుని వెళ్లండి. ఒక్క మనిషితో గట్టి పరిచయం కలిగితే ఆ రోజు సార్థకమే.

ఇంత చెప్పాక కూడా నన్ను కలవరపెట్టే సంగతి ఒకటుంది. ఈ భారమంతా కొత్త టీచరు నెత్తిన పెట్టడం న్యాయం కాదు. 2018లో ఓఈసీడీ అనే అంతర్జాతీయ ఆర్థిక సహకార సంస్థ టీచర్లపై జరిపిన టాలిస్ సర్వే ప్రకారం సభ్య దేశాల్లో కొత్త టీచర్లలో 22 శాతం మందికి మాత్రమే బడి తరఫున కేటాయించిన మెంటర్, అంటే దారి చూపే అనుభవజ్ఞులు, ఉన్నారు. మిగతావాళ్లు ఎవరికి వారే వెతుక్కోవాలి. 2004లో రిచర్డ్ ఇంగర్సోల్, థామస్ స్మిత్ అనే పరిశోధకులు అమెరికాలో మొదటి ఏడాది టీచర్ల వివరాలు పరిశీలించినప్పుడు, వృత్తి వదిలిపోకుండా నిలబడటానికి ఎక్కువగా తోడ్పడినవి ఏవో తేలాయి: తమ సబ్జెక్టే చెప్పే మెంటర్ ఉండటం, అదే సబ్జెక్టు టీచర్లతో కలిసి పాఠాలు తయారు చేసుకునే సమయం టైంటేబుల్‌లో ఉండటం, తోటి టీచర్లతో కలిసి పనిచేసే వీలు క్రమం తప్పకుండా ఉండటం. ఈ మూడింటిలో ఏదీ కొత్త టీచరు చేతిలో లేదు. అవి టైంటేబుల్ వేసేవాళ్ల చేతిలో ఉన్నాయి.

కొత్తగా వచ్చినవాళ్లకు ఎవరూ ఒప్పుకోని సెక్షన్‌ ఇచ్చి, లీజర్ పీరియడ్లన్నీ సబ్‌స్టిట్యూషన్లతో నింపేసి, ఆపైన నెట్‌వర్క్ పెంచుకోండని చెబితే ఎవరికి మాత్రం సాధ్యం? హెడ్మాస్టర్లకు, సీనియర్లకు నేను అడిగేది పెద్ద కోరిక కాదు. వచ్చే టైంటేబుల్‌లో కొత్త టీచరుకు, అదే సబ్జెక్టు చెప్పే ఒక సీనియరుకు వారానికి ఒక పీరియడ్ ఒకేసారి ఖాళీగా ఉండేలా చూడండి. ఆ పీరియడ్‌కు సబ్‌స్టిట్యూషన్ వేయకండి. మొదటి నెలలో సీనియరు క్లాసులో కొత్తవాళ్లు కూర్చోవాలి, కొత్తవాళ్ల క్లాసులో సీనియరు తర్వాతే కూర్చోవాలి. ముందుగా తలుపు తెరవాల్సింది అనుభవం ఉన్నవాళ్లు.